చిక్‌పేట సందులో అమెరికన్ చేతి పనిముట్లు: విప్పి చూసుకోనిచ్చే ఒక పాత సామాన్ల దుకాణం

బెంగళూరులో పాత అమెరికన్ చేతి పనిముట్లు కొనదలచినవారు చిక్‌పేట సందుల్లో ఉన్న ఈ చిన్న దుకాణానికి తప్పకుండా వెళ్లాలని నా అభిప్రాయం. దీనికి బోర్డు లేదు. తాళాలు, తూకపు రాళ్లు, పాత ఇత్తడి గడియలు అమ్మే దుకాణాల వరసలో, గడప ముందు గోనెపట్టా పరచి దాని మీద చిత్రికలు, రంపాలు, బర్మాలు పేర్చి ఉంటే అదే. యజమాని హిందూపురం వైపు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన. మనతో తెలుగులోనూ, పక్క దుకాణాలవారితో కన్నడంలోనూ మాట్లాడతారు. బేరానికి కొంత అవకాశం ఇస్తారు. ఫోన్‌లో డబ్బు పంపినా తీసుకుంటారు. ఇవన్నీ చిన్న విషయాలు. ఈ దుకాణాన్ని నేను మెచ్చుకోవడానికి కారణం ఒక్కటే: ఏ పనిముట్టునైనా కొనకముందే పూర్తిగా విప్పి, లోపల ఏముందో చూసుకోనిస్తారు. "విప్పి చూసుకోండి సార్, మళ్లీ బిగించి పెడితే చాలు" అంటూ స్క్రూడ్రైవర్ ఆయనే అందిస్తారు. పాత పనిముట్ల వ్యాపారంలో ఈ గుణం చాలా అరుదు. పనిముట్టు వయసు, పుట్టిన ఊరు, దాని భాగాలన్నీ ఒకే కాలానివా కావా అన్న సంగతులు పైనుంచి చూస్తే సగమే తెలుస్తాయి.

ఇక్కడ ఎక్కువగా దొరికేవి స్టాన్లీ బెయిలీ రకం ఇనుప చిత్రికలు కాబట్టి వాటి గురించే ముందు వివరంగా చెప్పాలి. లెనార్డ్ బెయిలీ రూపొందించిన ఈ చిత్రికల పేటెంట్లను అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, న్యూ బ్రిటన్ పట్టణానికి చెందిన స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ 1869లో కొన్నది. అప్పటినుంచి దశాబ్దాల పాటు చిన్నచిన్న మార్పులతో అదే రూపం సాగింది. సేకరణకర్తలకు ఆ మార్పులే ఆధారం. ఏ మార్పు ఏ సంవత్సరంలో వచ్చిందో తెలిస్తే చిత్రిక ఏ కాలానిదో కొన్నేళ్ల తేడాతో చెప్పగలం. వీటిని సేకరణకర్తలు టైపులుగా విభజించి అంకెలు ఇచ్చుకున్నారు. ఇది తరువాతివారు చేసుకున్న వర్గీకరణే గాని కంపెనీ పెట్టినది కాదు. కర్మాగారంలో పాత భాగాలు అయిపోయేదాకా వాడి ఆ తరువాతే కొత్తవి బిగించేవారు. అందువల్ల పక్కపక్క టైపుల లక్షణాలు ఒకే చిత్రికలో కనిపించినా అనుమానపడనక్కరలేదు.

ఇక్కడ నేను పరీక్షించిన ఒక అయిదో నంబరు చిత్రిక ఈ విషయానికి మంచి ఉదాహరణ. పద్నాలుగు అంగుళాల పొడవు, రోజ్‌వుడ్ పిడి, ముందువైపు పొట్టి గుండీ. దారంతో కట్టిన చీటీ మీద "అమెరికా, 1902 మోడల్" అని రాసి ఉంది. బ్లేడును అదిమి పట్టే లివర్ క్యాప్, బ్లేడు, దాని కింద ఉండే ఫ్రాగ్ అనే ఏటవాలు పోతభాగం తీసి, ఫోన్ టార్చి వెలుగు పక్కనుంచి పడేటట్టు పట్టుకుంటే, అడుగు భాగంలో ఫ్రాగ్ వెనక మూడు పేటెంట్ తేదీలు వరుసగా కనిపించాయి: 1902 మార్చి 25, 1902 ఆగస్టు 19, 1910 ఏప్రిల్ 19. మూడో తేదీ ఉన్నదంటే ఇది 1910కి ముందుది కానే కాదు. మొదటి రెండు తేదీలు మాత్రమే ఉన్నవి అంతకు ముందు కాలానివి. 1919 తరువాత వచ్చిన వాటిలో 1910 తేదీ ఒక్కటే మిగిలింది. 1919 నుంచే ముందు గుండీ పొడవు కూడా పెరిగింది. దీనికి పొట్టి గుండీ ఉన్నది, మూడు తేదీలూ ఉన్నాయి, ఫ్రాగ్‌ను ముందుకూ వెనక్కూ జరిపే మర, అంటే 1907లో వచ్చినది, అదీ ఉన్నది. కాబట్టి ఈ అడుగు భాగం 1910, 1918 మధ్య తయారైందని నిశ్చయంగా చెప్పవచ్చు. చీటీ రాసినవారు పేటెంట్ తేదీని తయారైన ఏడుగా తీసుకున్నారు. పేటెంట్ తేదీ హక్కు వచ్చిన రోజును చెబుతుంది, పోత పోసిన రోజును కాదు. ఈ పొరపాటు పాత సామాన్లు అమ్మే ప్రతిచోటా కనిపిస్తుంది.

అసలు సమస్య లివర్ క్యాప్‌లో ఉంది. మర దూరే కంత పాత వాటిలో తాళంచెవి రంధ్రం ఆకారంలో ఉంటుంది. 1933 నుంచి అది మూత్రపిండం ఆకారానికి మారింది. ఈ చిత్రికకు బిగించినది మూత్రపిండం ఆకారపు కంత ఉన్నది, పైగా దాని మీద స్టాన్లీ పేరు ఉబ్బెత్తుగా పోసి ఉంది. లివర్ క్యాప్ మీద పేరు వేయడం 1925 ప్రాంతంలో మొదలైంది గనుక, ఇది వేరే చిత్రిక నుంచి తీసి తరువాత ఎవరో ఈ అడుగుకు బిగించినదని స్పష్టమవుతుంది. ఈ సంగతి చెబితే ఆయన కాదనలేదు. 2,800 రూపాయల ధర నుంచి కొంత తగ్గించారు కూడా. చెక్క పనికి ఈ కలయిక ఏ మాత్రం అడ్డు కాదు. సేకరణకు మాత్రం విలువ తగ్గుతుంది. కొనేవారు తమకు కావలసింది పనికా, బీరువాలో పెట్టుకోవడానికా అని ముందే తేల్చుకుంటే ఇక్కడ మంచి బేరాలు కుదురుతాయి.

బ్లేడును చూసి కాలం నిర్ణయించవద్దు. బ్లేడు అరిగిపోతుంది, మారుస్తారు. దాని మీద గుండె గుర్తులో ఎస్, డబ్ల్యు అక్షరాలు ఉంటే ఆ బ్లేడు 1920 తరువాతిదని తెలుస్తుంది. ఆ ఏడాది స్టాన్లీ రూల్ అండ్ లెవెల్ కంపెనీ స్టాన్లీ వర్క్స్‌లో విలీనమైంది. గుండె గుర్తు స్టాన్లీ వర్క్స్‌కు చాలాకాలం అధ్యక్షుడిగా ఉన్న విలియం హార్ట్ ఇంటిపేరును సూచిస్తుంది. అందమైన గుర్తే, ధరను కూడా పెంచుతుంది. అయినా అది బ్లేడు వయసే చెబుతుంది గాని చిత్రిక వయసు కాదు.

ఈ దుకాణంలో అమెరికాదని చీటీ ఉన్న చిత్రికల్లో గణనీయమైన భాగం ఇంగ్లండ్‌వి. స్టాన్లీ 1930ల చివరినుంచి షెఫీల్డ్‌లో కూడా చిత్రికలు తయారు చేసింది. వాటి పోతలో "మేడ్ ఇన్ ఇంగ్లండ్" అని ఉంటుంది. షెఫీల్డ్‌కే చెందిన రికార్డ్ కంపెనీ 1931 నుంచి అదే నమూనాలో నీలిరంగు చిత్రికలు చేసింది. బ్రిటిష్ పాలనలో ఉన్న మన దేశానికి ఇంగ్లండ్ సరకు ఎక్కువగా రావడం సహజమే. ఆ చిత్రికలు తక్కువవేమీ కావు, రోజూ పనిచేసేవారు వాటినే కొనుక్కోవడం తెలివైన పని. కాని అమెరికా పేరుతో అమెరికా ధరకు వాటిని అమ్మకూడదు. బాణం గుర్తు ఉన్న పనిముట్లను పెద్దాయన "అమెరికా మిలిటరీ సామాను" అని చెబుతారు. ఆ వెడల్పాటి బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి వేసే గుర్తు.

అమెరికా సరకు బెంగళూరుకు రావడానికి మార్గం లేకపోలేదు. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌ను 1940 డిసెంబరులో మైసూరు సంస్థానం సాయంతో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించినప్పుడు యంత్రాలూ నిపుణులూ అమెరికన్ వ్యాపారి విలియం పాలీ ద్వారా వచ్చారు. 1943లో ఆ కర్మాగారం అమెరికా సైనిక వైమానిక దళం అజమాయిషీలోకి వెళ్లి, యుద్ధం ముగిసేదాకా విమానాల మరమ్మతులకు ఉపయోగపడింది. అందువల్ల ఆనాటి అమెరికన్ కొలత సాధనాలు, సుత్తులు, డ్రిల్లులు ఈ నగరంలో దొరకడం నమ్మదగిన విషయమే. అయితే ఏ ఒక్క వస్తువు గురించైనా ఇది అక్కడినుంచే వచ్చిందని చెప్పాలంటే దాని మీద ముద్ర గాని కాగితం గాని ఉండాలి. ఆ రెండూ లేని చోట ఈ చరిత్రకు అదనపు ధర చెల్లించవద్దు.

చిత్రికల తరువాత నన్ను ఆకట్టుకున్నవి డిస్టన్ రంపాలు. హెన్రీ డిస్టన్ 1840లో ఫిలడెల్ఫియాలో మొదలుపెట్టిన ఈ సంస్థ రంపాల పిడికి ఇత్తడి పతకం బిగించేది. కాలాన్ని బట్టి ఆ పతకం మీది అక్షరాలు మారాయి. 1865లో పెద్ద కొడుకు చేరాక "అండ్ సన్" అనీ, 1871 నుంచి "అండ్ సన్స్" అనీ కంపెనీ పేరు మారింది కాబట్టి ఒక్క అక్షరం తేడా ఆరేళ్ల కాలాన్ని వేరు చేస్తుంది. గద్ద బొమ్మతో "వారంటెడ్ సుపీరియర్" అని మాత్రమే ఉన్న పతకాన్ని అనేక కంపెనీలు వాడాయి, దాన్ని చూసి డిస్టన్ అని అనుకోకూడదు. పిడి దగ్గర అలుగు, అంటే రంపపు రేకు, మీద కొట్టిన అంకె అంగుళానికి ఎన్ని పంటి మొనలో చెబుతుంది.

ఇక్కడే దుకాణం మీద నా అసలు ఫిర్యాదు. పెద్దాయన వెనక గదిలో మోటారుకు బిగించిన తీగల బ్రష్ చక్రం ఉన్నది. తుప్పు పట్టిన ప్రతి వస్తువునూ దాని మీద మెరిపించి పెడతారు, ఎందుకంటే తళతళలాడేదే ముందు అమ్ముడుపోతుందని ఆయన అనుభవం. రంపం అలుగు మీద కంపెనీ పేరు, రకం చెక్కిన ఆమ్లపు ముద్ర చాలా పలుచగా ఉంటుంది. చదునైన చెక్క దిమ్మకు సన్నని వాటర్ పేపర్ చుట్టి, కాస్త నూనె వేసి మెల్లగా రుద్దితే నల్లటి తుప్పు కింద ఆ అక్షరాలు ఒక్కొక్కటిగా బయటపడతాయి. చక్రం మీద ఒక్క నిమిషం ఆనిస్తే మళ్లీ ఎప్పటికీ కనబడవు. నేను చూసిన ఒక డిస్టన్ రంపం పిడి సేబు కర్రతో చేసినది, గోధుమ కంకుల చెక్కడం ఇంకా పదునుగా ఉంది, పతకం స్పష్టంగా ఉంది. అలుగు మాత్రం అద్దంలా మెరుస్తోంది, దాని మీద ఒక్క అక్షరం లేదు. వందేళ్లు తుప్పులో భద్రంగా ఉన్న ఆధారం దుకాణంలో పోవడం నాకు నిజంగా బాధ కలిగించింది. ఇత్తడి భాగాలకూ, చిత్రికల నల్ల రంగుకూ ఇదే గతి. కొన్నింటికి పైనుంచి కొత్త నల్ల పెయింటు కూడా వేశారు. పెయింటు కింద పగులు దాగి ఉండవచ్చు. అటువంటివి కొనేటప్పుడు బ్లేడు దూరే నోటి దగ్గర పోత ఇనుమును వేలిగోటితో తడిమి చూడాలి. బంగారు రంగు గీత కనిపిస్తే అది ఇత్తడితో అతికినది.

మరొక జాగ్రత్త మరల విషయంలో. స్టాన్లీ చిత్రికల పిడి బోల్టులు, ఫ్రాగ్ మరలు ఆ కంపెనీ సొంత థ్రెడ్‌తో ఉంటాయి, బజారు కొలతలకు సరిపోవు. ఒక మర పోతే విడిభాగాలు అమ్మే ఎస్‌పీ రోడ్డంతా తిరిగినా దానికి సరిపడే మర దొరకదు. కాబట్టి మరలు తక్కువైన చిత్రికను చవకగా ఇచ్చినా వదిలేయడమే మేలు, లేదా అదే దుకాణంలోని విడిభాగాల డబ్బాలో వెతికి దొరికాకే కొనాలి. ఆ డబ్బా నాకు చాలా నచ్చింది. చూడడానికి ఓపిక ఉంటే లివర్ క్యాప్‌లు, ఇత్తడి చక్రాలు, ఫ్రాగ్ మరలు అన్నీ అందులో ఉంటాయి.

బర్మాకు బిగించి చెక్కలో రంధ్రాలు తొలిచే పుల్లల విషయంలో చీటీలు పూర్తిగా తప్పు. అమెరికన్ ఆగర్ పుల్లల తోక మీద కొట్టిన అంకె అంగుళంలో పదహారో వంతులను తెలియజేస్తుంది. ఎనిమిది అని ఉంటే అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. దుకాణంలో దాన్ని ఎనిమిది మిల్లీమీటర్లని రాశారు. నాతోపాటు అక్కడున్న కుప్పం మేస్త్రి ఒకాయన "అన్నా, ఇది తలుపు గడియకు వేస్తే చెక్క చీలిపోతుంది" అని పెద్దాయనకు చూపించాడు. ఆయన వెంటనే చీటీ మార్చారు. తప్పు చెబితే వినే ఈ స్వభావం దుకాణానికి మంచి పేరు తెస్తుంది.

స్టారెట్ కొలత సాధనాల ధరలు ఇక్కడ ఎక్కువ. అయినా కొనదగినవే, ఎందుకంటే మసాచుసెట్స్‌లోని ఏథోల్‌లో 1880లో మొదలైన ఈ కంపెనీ మూలమట్టం స్కేలు గీతలు ఇన్నేళ్ల తరువాత కూడా చక్కగా చదవగలిగేటట్టు ఉంటాయి. నిజంగా లంబకోణంలో ఉన్నదో లేదో అక్కడికక్కడే తేల్చుకోవచ్చు: నిటారు అంచు ఉన్న పలకకు ఆనించి సన్నని గీత గీసి, మూలమట్టాన్ని తిరగేసి అదే చోట మరో గీత గీస్తే రెండూ ఒకటిగా కలిసిపోవాలి. పెద్దాయన ఈ పరీక్షకు పలక, పెన్సిల్ ఇస్తారు. మిల్లర్స్ ఫాల్స్ అనే మరో అమెరికన్ కంపెనీ చేతి డ్రిల్లులు కూడా కొన్ని ఉన్నాయి. పళ్ల చక్రం విరగకుండా, పుల్లను పట్టి ఉంచే చక్‌లోని మూడు దవడలూ సమానంగా కదిలేటట్టుంటే ధైర్యంగా తీసుకోవచ్చు.

వెళ్లేటప్పుడు చిన్న టార్చి, స్టీలు స్కేలు, పాత గుడ్డ, సన్నని వాటర్ పేపర్ ముక్క వెంట తీసుకెళ్లండి. ఆదివారం ఆ సందులో రద్దీ ఎక్కువగా ఉంటుంది, విప్పి చూసే పనికి చోటు దొరకదు. మామూలు రోజు మధ్యాహ్నం వెళితే పెద్దాయనకూ తీరిక ఉంటుంది. కొత్తగా వచ్చిన సరకు గోనెసంచుల్లో వెనక గదిలో ఉంటుంది, అది చక్రం మీదికి వెళ్లకముందే చూపించమని అడగండి. శుభ్రం చేయకుండా ఇమ్మంటే ఆయన సంతోషంగా ఇస్తారు, ధర కూడా తక్కువే చెబుతారు. నేను అడిగాక రంపాలను మాత్రం విడిగా పక్కన పెట్టడం మొదలుపెట్టారు.