క్లచ్ స్లేవ్ సిలిండర్: సీల్ కిట్ వేయాలా, కొత్తదే బిగించాలా?

పెడల్ పట్టు లేకుండా నేలకు దిగిపోతోంది. రివర్స్ వేస్తే గేరు కరకరమంటోంది. రిజర్వాయర్‌లో ఆయిల్ (అంటే బ్రేక్ ఫ్లూయిడ్) తగ్గుతోంది. పెడల్ తొక్కితే వచ్చే ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ని విడదీసేది గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్. దాని రబ్బరు బూటు ఎత్తి చూస్తే లోపలంతా తడి. దొంగ దొరికినట్టే. ఇక కిట్టా, కొత్తదా?

నేను మొదటిసారి కిట్టే వేశాను. పిస్టన్ మీది రబ్బరు సీలు, బూటు మార్చేస్తే సరిపోతుందిగా అనుకున్నాను. బోర్ (సిలిండర్‌లో పిస్టన్ జరిగే రంధ్రం) గోడకు చిన్న గుంట కనిపించింది. సన్న ఎమెరీతో రుద్ది, ఫర్వాలేదులే అని బిగించేశాను. కొన్ని వారాలకే మళ్లీ కారింది. కారదా మరి! ఎంత కొత్త సీలైనా గుంట మీదుగా వెళ్లేటప్పుడు ఆయిల్‌ని ఆపలేదు.

అప్పుడు తెలిసిందేమిటంటే, ఈ పనిలో శ్రమంతా రెండు చివర్లా ఉంది. ముందు తుప్పు పట్టిన పైపు నట్టు అంచులు అరగకుండా విప్పాలి, చివర్లో లైన్లో గాలి మొత్తం తీయాలి. కిట్ వేసినా, కొత్తది వేసినా ఈ రెండూ తప్పవు. కిట్‌తో ఆదా అయ్యేది విడిభాగం ఖర్చు మాత్రమే. అది నిలవకపోతే మళ్లీ మొదటికే.

అయినా కిట్‌ని పూర్తిగా కొట్టిపారేయను. పాత బండికి సిలిండర్ దొరకనప్పుడు, ఉన్నది పోత ఇనుముదై బోర్ నున్నగా ఉంటే కిట్ చక్కగా పనిచేస్తుంది. గోరుతో గీసి చూడండి, ఎక్కడా తగలకూడదు. కడగడానికి బ్రేక్ ఫ్లూయిడే వాడండి. పెట్రోలు, డీజిల్ తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. అల్యూమినియం బోర్‌కు గీతలు పడినా, సిలిండర్ ప్లాస్టిక్‌దైనా ఆలోచించకుండా కొత్తదే.

కొత్తది కొనేటప్పుడు బోర్ వ్యాసం పాతదానితో సరిచూసుకోండి. స్లేవ్ బోర్ పెద్దదైతే అదే ఆయిల్‌కి పిస్టన్ తక్కువ దూరం జరుగుతుంది, క్లచ్ పూర్తిగా విడవదు. అప్పుడు గాలి ఉందేమోనని ఎంతసేపు పంప్ చేసినా లాభం ఉండదు.

గాలి తీయడానికి ఇద్దరుంటే టెన్షన్ ఉండదు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, రెండోవారు స్లేవ్ మీదున్న బ్లీడర్ (గాలి వదిలే స్క్రూ) తెరిచి మూయాలి, ఆ తర్వాతే పెడల్ వదలాలి. చాలా కార్లలో బ్రేకుకూ క్లచ్‌కూ రిజర్వాయర్ ఒకటే కాబట్టి మట్టం పడిపోనివ్వకండి. మూత మీద రాసున్న డాట్ 3 గానీ డాట్ 4 గానీ, కొత్త సీసాలోదే పోయండి. ఆ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

బూటు పొడిగా ఉండి, తొక్కిపట్టిన పెడల్ మెల్లగా దిగిపోతుంటే అనుమానించాల్సింది పెడల్ దగ్గరుండి ఆయిల్‌ని స్లేవ్‌కి నెట్టే మాస్టర్ సిలిండర్‌ని. అక్కడ నా ఓటు మరీ కొత్తదానికే. డ్యాష్‌బోర్డ్ కింద తల దూర్చి, మెడ విరిగేలా పడుకుని ఆ పని రెండోసారి చేయడం నా వల్ల కాదు.

గేర్‌బాక్స్ లోపలే, ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్‌లోకి వెళ్లే కడ్డీ) చుట్టూ కూర్చునే స్లేవ్ అయితే ఈ చర్చే అక్కర్లేదు. గేర్‌బాక్స్ దించాల్సిందే. దించాక కొత్త సిలిండర్ వేసి, క్లచ్ ప్లేట్ అరిగి ఉంటే అదీ అప్పుడే మార్చేయాలి.