పగ్గాలు లేని బండి: నాన్నతో అలాస్కాలో ఎనిమిది రోజులు

అలాస్కా వెళ్తున్నామంటే హిమానీనదాలు చూడండి, తిమింగలాలు చూడండి, ఓడ ఎక్కండి అని అందరూ చెప్పారు. జూన్ నెలాఖరులో సియాటిల్ నుంచి నేను, నా భార్య, నాన్న వెళ్ళాం. ఎనిమిది రోజుల్లో మాకు బాగా గుర్తుండిపోయినవి మాత్రం కుక్కలే. నాన్న ప్రకాశం జిల్లాలో నలభై ఏళ్ళు ఎద్దులతో సేద్యం చేసిన మనిషి. ఆయన లేకుండా వెళ్ళి ఉంటే ఈ కుక్కల్ని నేను సగమే చూసేవాణ్ణి.

ముందు ఇరుక్కుపోయిన డబ్బు సంగతి చెబుతాను. హెలికాప్టర్‌లో హిమానీనదం మీదికి తీసుకెళ్ళి, అక్కడ మంచులో కుక్కల బండి ఎక్కించే టూర్లు ఉన్నాయి. మేం బుక్ చేసినదానికి మనిషికి 500 డాలర్లు దాటింది. రెండు రోజులు వరసగా మబ్బు పట్టడంతో రద్దయింది. వాతావరణం ఎవరి చేతుల్లోనూ లేదు, ఆ విషయంలో నాకు కోపం లేదు. డబ్బు వెనక్కి రావడానికి ఏడు వారాలు పట్టింది, ఆరు మెయిళ్ళు రాయాల్సి వచ్చింది. మీరు బుక్ చేసేటట్లయితే ప్రయాణం మొదటి రోజుల్లోనే పెట్టుకోండి, రద్దయితే మరో రోజు చూసుకునే వీలుంటుంది.

యాంకరేజ్‌లో కారు అద్దెకు తీసుకుని ఉత్తరానికి బయల్దేరాం. డెబ్బై కిలోమీటర్ల దూరంలో వాసిల్లా అనే ఊళ్ళో ఇడిటరాడ్ అనే కుక్కల బండ్ల పందెం ప్రధాన కార్యాలయం ఉంది. దుంగలతో కట్టిన చిన్న భవనం, లోపల మ్యూజియం, టికెట్ లేదు. చాలామంది పావుగంటలో ఫొటోలు దిగి వెళ్ళిపోతున్నారు. మేం గంటన్నర ఉన్నాం, ఎందుకంటే అక్కడ అద్దాల పెట్టెలో టోగో అనే కుక్క ఉంది, చనిపోయాక పాడవకుండా నిలిపి ఉంచారు.

టోగో కథ నాన్నకి అక్కడే నిలబడి చెప్పాను. 1925 జనవరిలో నోమ్ అనే మారుమూల ఊళ్ళో డిఫ్తీరియా వచ్చింది. మన పాత పుస్తకాల్లో కంఠసర్పి అంటారు. మందు రైల్లో నెనానా దాకా మాత్రమే వచ్చింది. అక్కడి నుంచి 674 మైళ్ళు మంచు. ఇరవై మంది మషర్లు, అంటే కుక్కల బండ్లు తోలేవాళ్ళు, ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ ఐదున్నర రోజుల్లో చేర్చారు. వాళ్ళలో అందరికంటే ఎక్కువ దూరం వెళ్ళినవాడు లియొన్‌హార్డ్ సెప్పలా, నార్వే నుంచి వచ్చినవాడు. ఆయన బండికి ముందున్న కుక్క టోగో, అప్పటికి దాని వయసు పన్నెండేళ్ళు. ఎదురెళ్ళి మందు అందుకోవడానికి, తిరిగి మోసుకురావడానికి కలిపి 260 మైళ్ళు నడిచింది. తుఫానులో, చీకట్లో, గడ్డకట్టిన సముద్రం మీద సెప్పలాకి కళ్ళు కనబడని చోట దారి చూసింది టోగోనే. చివరి విడతలో ఊళ్ళోకి వచ్చిన బాల్టో అనే కుక్కకి ఆ ఏడాదే న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం పెట్టారు. టోగోకి దక్కాల్సిన పేరు దక్కలేదని సెప్పలా చాలా బాధపడ్డాడు.

నాన్నని పట్టుకున్నది మాత్రం ఈ సాహసం కాదు, టోగో చిన్ననాటి సంగతి. అది జబ్బు పిల్ల, పందేనికి పనికిరాదని సెప్పలా దాన్ని వేరే ఇంటికి ఇచ్చేశాడు. అది మూసి ఉన్న కిటికీ అద్దం పగలగొట్టుకుని దూకి, మైళ్ళ దూరం పరుగెత్తుకుంటూ ఆయన దగ్గరికే వచ్చేసింది. "ఇచ్చేసినవాడి దగ్గరికే వచ్చిందా?" అని నాన్న రెండుసార్లు అడిగాడు. తర్వాత కారులో చాలాసేపు మాట్లాడలేదు.

బస గురించి. దెనాలి అనే జాతీయ పార్కు గేటు పక్కనున్న హోటళ్ళ రేట్లు చూసి భయపడి, పదకొండు మైళ్ళ అవతల హీలీలో ఒక క్యాబిన్ తీసుకున్నాం. పొయ్యి, గిన్నెలు ఉన్నాయి, శుభ్రంగా ఉంది. కిటికీలకి మందపాటి పరదాలు మాత్రం లేవు. అక్కడ ఆ నెలలో అర్ధరాత్రి కూడా పేపరు చదువుకునేంత వెలుగు ఉంటుంది, నాన్నకి నిద్ర పట్టలేదు. కళ్ళకి కట్టుకునే గంతలు తీసుకెళ్ళండి. దోమలు మన ఊరి దోమలకంటే పెద్దవి, ఆ మందు కూడా మరిచిపోవద్దు. రైస్ కుక్కర్, కందిపొడి, ఆవకాయ వెంట ఉండబట్టి నాన్న తిండికి ఇబ్బంది పడలేదు.

దెనాలి పార్కులో 1922 నుంచి కుక్కల్ని పెంచుతున్నారు. చలికాలంలో రేంజర్లు గస్తీ తిరగడానికి, సామాన్లు మోయడానికి ఇప్పటికీ ఇవే ఆధారం. పార్కులో ఇరవై లక్షల ఎకరాల అడవిలో మోటారు బళ్ళు నిషేధం. వేసవిలో రోజూ ప్రదర్శన ఉంటుంది, పార్కు ప్రవేశ రుసుము తప్ప వేరే టికెట్ లేదు. విజిటర్ సెంటర్ నుంచి ఉచిత బస్సు ఉంది. నలభై నిమిషాలు ముందుగా వెళ్ళకపోతే సీట్లు దొరకవు.

రేంజర్ హార్నెస్, అంటే బండి లాగడానికి కుక్కకి తొడిగే పట్టీలు, చేతిలోకి తీసుకోగానే అన్ని కుక్కలూ ఒక్కసారి లేచి అరవడం మొదలుపెట్టాయి. నన్ను తీసుకెళ్ళు, నన్ను తీసుకెళ్ళు అన్నట్టే ఉంది. ఎంచుకున్నవాటిని మెడపట్టీ పట్టుకుని వెనక కాళ్ళ మీద నడిపించుకుంటూ తెచ్చింది. నాలుగు కాళ్ళూ నేల మీద ఉంటే ఆ లాగుడుకి మనిషి నిలవలేదట. బండి కదిలాక మిగిలిపోయిన కుక్కలన్నీ కలిసి ఒకటే ఊళ. చక్రాల బండి పార్కు వాళ్ళ చిన్న మట్టి దారిలో ఒక చుట్టు తిరిగి వచ్చింది, నిమిషం కూడా పట్టలేదు.

"పగ్గాలేవిరా?" అన్నాడు నాన్న. పగ్గాలు ఉండవు నాన్నా, "జీ" అంటే కుడికి, "హా" అంటే ఎడమకి, అంతా నోటి మాటే అని చెప్పాను. ఆయన నమ్మలేదు. బ్రేకు ఉందా అన్నాడు. ఉంది, కానీ తిప్పడానికి ఏమీ లేదు. "అయితే ముందున్నది ఎలపటి ఎద్దు కంటే పెద్ద చదువు చదివింది" అన్నాడు.

ఫెయిర్‌బ్యాంక్స్ వెళ్ళే దారిలో నెనానా స్టేషన్ దగ్గర పది నిమిషాలు ఆగాం. మందు పెట్టె రైలు దిగింది ఇక్కడే.

ఫెయిర్‌బ్యాంక్స్ బయట భార్యాభర్తలు నడిపే ఒక చిన్న కెన్నెల్‌కి, అంటే కుక్కల్ని పెంచే చోటికి, వెళ్ళాం. రెండు గంటలకి మనిషికి 90 డాలర్లు. ఉదయం బ్యాచ్‌లోనే వెళ్ళండి, ఎండ పెరిగితే కుక్కలు తట్టుకోలేవు, పరుగు మానేస్తారు. ముప్ఫై కుక్కలు, ఒక్కోదానికి ఒక చెక్క గూడు, గొలుసు. గొలుసులు చూసి నా భార్య మొహం చిన్నబుచ్చుకుంది. నాకూ మనసొప్పలేదు. అప్పుడు నాన్న ఒక కుక్క ముందు గొంతుక్కూర్చుని, ఛాతీ దగ్గర బొచ్చు పాయలు తీసి చూడసాగాడు. కాడి రాసుకుని ఎద్దు మెడ మీద పుండు పడిందేమోనని చూసే చూపు అది. మషర్ ఆవిడ దూరం నుంచి గమనించి వచ్చింది. ఏమీ అడగలేదు. పక్కన కూర్చుని, ఆ కుక్క పాదం ఎత్తి వేళ్ళ సందులు విడదీసి చూపించింది. నాన్న తలూపాడు. తర్వాత కుక్కని, తర్వాత కుక్కని, అలా ఇద్దరూ ఆరు కుక్కల దాకా చూశారు. ఆవిడకి తెలుగు రాదు, ఈయనకి ఇంగ్లీషు రాదు. నన్ను పిలవను కూడా లేదు.

బండి కట్టేటప్పుడు హార్నెస్ చప్పుడు విని ఇంట్లోంచి ఒక ముసలి కుక్క వచ్చింది. పద్నాలుగేళ్ళు, ఒక కన్ను తెల్లబడింది. పదేళ్ళు ఈవిడ బండికి ముందు నడిచిందట. తిన్నగా వెళ్ళి వరస మొదట, తన పాత చోట నిలబడింది. ఆవిడ దాని హార్నెస్ కూడా తెచ్చి తొడిగింది, తాడుకి మాత్రం తగిలించలేదు. చెవిలో ఏదో చెప్పి, పక్కన నడుస్తూ పదడుగులు తీసుకెళ్ళింది. అక్కడ ఆగి హార్నెస్ విప్పింది. ముసలిది వెళ్ళి గుమ్మంలో పడుకుంది. రోజూ ఇంతేనట, తొడగని రోజున అన్నం ముట్టదట.

ఆవిడే ఇంకో మాట చెప్పింది. 1960లలో మంచు మీద నడిచే మోటారు బళ్ళు రాగానే ఊళ్ళల్లో కుక్కల బండ్లు మాయమైపోయాయి. అవి పూర్తిగా పోకూడదనే జో రెడింగ్టన్ అనే ఆయన పూనుకుని 1973లో నోమ్ దాకా ఇడిటరాడ్ పందెం మొదలుపెట్టాడు. నేను తెలుగులో చెప్పగానే "మనకి ట్రాక్టర్లు వచ్చినట్టు" అన్నాడు నాన్న.

చివరి రోజుకి నదిలో పడవ షికారు టికెట్లు చూస్తుంటే, ఆ ముసలి కుక్క దగ్గరికి ఇంకోసారి వెళ్దామా అన్నాడు నాన్న. ఫోన్ చేస్తే ఆవిడ డబ్బు వద్దంది, రమ్మంది. అక్కడ నాన్న గుమ్మంలో దాని పక్కన గంటసేపు కూర్చున్నాడు. తిరిగొస్తూ కారులో, మైలగాణ్ణి సంతలో అమ్మిన రోజు గురించి చెప్పాడు. అది మా ఎలపటి ఎద్దు. ట్రాక్టర్ కొన్న ఏడాది. కొన్నవాడు తోలుకెళ్తుంటే మలుపు దాకా వెనక్కి చూస్తూనే ఉందట. "కట్టు తెంచుకుని వస్తుందేమోనని ఆ రాత్రి దొడ్డి తలుపు తీసే పెట్టాను" అన్నాడు.