అమ్మ షుగరు, ఒక పీఏ వైద్యం: డర్హం క్లినిక్ సేవపై సమీక్ష

అమెరికాలోని నార్త్ కరోలినాలో, డర్హం పరిసరాల్లోని ఒక ఫ్యామిలీ క్లినిక్‌లో మా అమ్మ షుగరును, బీపీని చూస్తున్నది ఒక ఫిజీషియన్ అసిస్టెంట్, అంటే ఇక్కడ అందరూ పీఏ అని పిలిచే, డాక్టరు కాకపోయినా రోగులను చూసి మందులు రాసే వైద్య ఉద్యోగిని. వైద్యానికి ఆవిడకు పూర్తి మార్కులు వేస్తాను. క్లినిక్ కార్యాలయానికి మాత్రం అన్ని వేయలేను, అందుకే దాని పేరు రాయడం లేదు.

మొదటిసారి వెళ్లినప్పుడు అమ్మ మాటలను నేనే ఇంగ్లీషులో చెప్పబోతే, ఆవిడ మర్యాదగా వారించి, ఫోన్‌లో తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను కలిపారు. అది నాకు అనవసరమనిపించింది. కానీ కాసేపటికే అమ్మ ఫోన్ వైపు వంగి, "రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయమ్మా, కంగారు పడతాడని మా వాడికి చెప్పలేదు" అంది. పీఏ వెంటనే సాక్సులు తీయించి, అమ్మను కళ్లు మూసుకోమని, సన్నని నైలాన్ తీగ మొనను అరికాలిలో ఒక్కో చోట ఆనిస్తూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. ఆ తర్వాత పాదాల్లో నాడి చూశారు. మంటలన్నీ షుగరు వల్లనే అని తేల్చేయకుండా బీ12 పరీక్ష కూడా రాశారు. ఏళ్ల తరబడి షుగరు మందు మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఆ విటమిన్ తగ్గే అవకాశం ఉందని, అమ్మ శాకాహారి కనుక ఆ అనుమానం ఇంకా బలంగా ఉందని వివరించారు. ఫలితం తక్కువగానే వచ్చింది, మాత్రలు మొదలుపెట్టారు.

తిండి దగ్గర కూడా ఆవిడ పద్ధతి నాకు నచ్చింది. అన్నం మానేయమనే సలహా ఎవరైనా ఇస్తారు, పాటించేవారు అరుదు. ఈవిడ రాత్రి భోజనంలో ఏమేం ఉంటాయో వరుసగా అడిగి తెలుసుకుని, అన్నం కప్పుతో కొలుచుకుని, కూరా పప్పూ పెంచమన్నారు. ఆవకాయను బీపీ లెక్కలో కలిపి తగ్గించమన్నారు. చివర్లో, తాను చెప్పినదంతా అమ్మ చేత తిరిగి చెప్పించుకున్నారు.

ఈ వృత్తి పుట్టింది కూడా డర్హంలోనే. డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ 1965లో, నౌకాదళంలో వైద్య సేవకులుగా పనిచేసి వచ్చిన నలుగురితో మొదటి తరగతిని ప్రారంభించారు. నేడు పీఏ కావాలంటే డిగ్రీ తర్వాత సాధారణంగా రెండేళ్లకు పైగా సాగే మాస్టర్స్ చదివి, వివిధ విభాగాల్లో రోగుల దగ్గర శిక్షణ పొంది, 300 ప్రశ్నల జాతీయ పరీక్షలో నెగ్గాలి. ఆ ధ్రువీకరణ నిలబెట్టుకోవడానికి రెండేళ్లకోసారి 100 గంటల నిరంతర విద్య చూపించాలి. 50 రాష్ట్రాల్లోనూ మందులు రాసే అధికారం వీరికి ఉంది. మా పీఏ మొదట అంబులెన్సులో పారామెడిక్‌గా పనిచేసి, ఈ చదువు పూర్తిచేసి, కొన్నేళ్లు ఎమర్జెన్సీ విభాగంలో ఉండి ఇటు వచ్చారు. మళ్లీ కొత్త డిగ్రీ అవసరం లేకుండా ఇలా విభాగం మారగలగడం ఈ వృత్తిలో ఉన్న వెసులుబాటు. అమ్మ కాళ్లను అంత త్వరగా పట్టించుకోవడంలో ఆ ఎమర్జెన్సీ అనుభవం పాత్ర ఉండవచ్చని నా ఊహ.

తన హద్దు ఎక్కడో ఆవిడకు తెలుసు. మూత్రపిండాల పరీక్షలో ఒక అంకె అటూ ఇటూగా వచ్చినప్పుడు, మందు మోతాదు తానే మార్చకుండా పర్యవేక్షక డాక్టరును గదిలోకి పిలిచి, మా ఎదుటే చర్చించారు. కంటి రెటీనా పరీక్షకు వేరే నిపుణుల దగ్గరకు పంపారు.

ఇక లోపాలు. అపాయింట్‌మెంట్ ఇచ్చినవారు డాక్టరు చూస్తారనే అన్నారు. చూసేది పీఏ అని గదిలో ఆవిడ బ్యాడ్జీ చదివాకే తెలిసింది. ఆవిడ తనను పీఏగానే పరిచయం చేసుకున్నారు కనుక దాపరికం ఆవిడది కాదు, కానీ ఎంచుకునే అవకాశం రోగికి ముందే ఉండాలి. పెద్దవారికి ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా మెడికేర్ అయితే పీఏ సేవకు డాక్టరు రుసుములో 85 శాతమే చెల్లిస్తుంది. మా బీమాలో మాత్రం కోపే, అంటే వెళ్లిన ప్రతిసారీ మేం కట్టే వాటా, పైసా తగ్గలేదు. క్లినిక్ ఆన్‌లైన్ పోర్టల్‌లో పంపిన ప్రశ్నలకు జవాబులు ఆలస్యంగా వస్తాయి.

ఇండియాలోని మా బంధువులు దీన్ని కాంపౌండరు వైద్యం కింద లెక్కగట్టారు. నిజానికి అక్కడ కూడా 1992లోనే చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో ఈ చదువు మొదలైంది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టంలోనూ దీనికి చోటు దక్కింది.

షుగరు, బీపీ వంటి దీర్ఘకాలిక సమస్యలున్న పెద్దవారిని ఇలాంటి పీఏ దగ్గరకు నిస్సంకోచంగా తీసుకువెళ్లవచ్చు. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మాత్రం అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే నమోదు చేయించండి. అక్కడికి వెళ్లాక అడిగితే లైను దొరికేసరికి మీకు కేటాయించిన సమయం కాస్తా కరిగిపోతుంది.