కాగితం మీద ఉన్నదంతా చేశారు: డెల్టావిల్‌లో ఒక బోటుయార్డు

ఐదు స్టార్లకు మూడున్నర ఇస్తున్నాను. పడవలు బాగుచేసే ఈ యార్డు పేరు మాత్రం రాయను, జరిగిన తప్పులో సగం నాది కనుక.

పోయిన వసంతంలో వర్జీనియాలోని డెల్టావిల్‌లో 1986 నాటి కాటలీనా 30 తెరచాప పడవ కొన్నాను. 30 అడుగుల పొడవు, నీళ్ళలో 5 అడుగుల 3 అంగుళాల లోతు, 21 గుర్రాల డీజిల్ ఇంజిను. దానికి నేను అద్దెకు తీసుకున్న రేవు మేరీల్యాండ్‌లోని అనాపొలిస్‌లో ఉంది. అంటే చెసపీక్ బే అనే అఖాతం వెంట ఉత్తరానికి దాదాపు 100 నాటికల్ మైళ్ళు. పడవేమో రెండేళ్ళుగా ఒడ్డున ఇనుప స్టాండ్ల మీదే ఉంది. కొనే ముందు పడవను పరీక్షించిన సర్వేయరు రాసిన లోపాలన్నీ సరిచేయించాలి, పగటిపూటే నడపాలి, అనుభవమున్న కెప్టెన్ ఒకరు వెంట ఉండాలి. ఈ మూడు షరతుల మీదే బీమా వాళ్ళు ఈ ప్రయాణానికి ఒప్పుకున్నారు. పడవ ఉన్న యార్డులోనే ‘ప్రయాణానికి సిద్ధం చేయడం’ అని ఒక ప్యాకేజీ ఉంటే, దానికే డబ్బు కట్టాను.

ముందు మంచి చెబుతాను. మెకానిక్ అరవై దాటిన మనిషి. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. ఇంజిను నుంచి కాక్‌పిట్‌లోని (పడవ నడిపేవాళ్ళు కూర్చునే చోటు) మీటర్లకు వెళ్ళే తీగల మధ్య అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ ప్లగ్గు ఒకటి ఉంది. సర్వేయరు దాన్ని చూడలేదు, నాకైతే అది ఉన్నట్టే తెలియదు. ఆయన దాన్ని విడదీసి నా అరచేతిలో పెట్టాడు. లోపలి పిన్నులలో ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉంది, దాని చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కమిలిపోయింది. ఆ పిన్ను గుండానే బ్యాటరీకి వెళ్ళే కరెంటంతా పోతుందట. ప్లగ్గు తీసేసి తీగలను నేరుగా కలిపి, గంట పనికి మాత్రమే బిల్లు వేశాడు. ఆ ఒక్క గంటకు ఐదు స్టార్లు.

పడవను నీళ్ళలోకి దింపిన రోజు కూడా అంతే శ్రద్ధ. పడవలను ఎత్తి మోసే చక్రాల క్రేను, అంటే ట్రావెల్‌లిఫ్టు, పట్టీల మధ్య వేలాడుతున్న పడవను నీటికి ఆనించి, పట్టీలు వదలకుండా పది నిమిషాలు ఆపారు. నేను లోపలికి దూరి టార్చిలైటుతో ఒక్కొక్క సీకాకూ తడిమి చూశాను. పడవ అడుగున ఉన్న రంధ్రాలకు బిగించిన కవాటాలవి. ఒక్కటి విరిగినా అర్ధగంటలో కాళ్ళ కింద చెరువు తయారవుతుంది. ప్రతి దాని పక్కనా ఒక కొయ్య బిరడా తాడుతో కట్టి ఉంది. నేను అడగలేదు, వాళ్ళే కట్టారు. ఆ తర్వాత మెకానిక్ ఇంజిను తిప్పి, ప్రొపెల్లరు ఇరుసు బయటికి పోయే చోట నా చెయ్యి పెట్టించాడు. "గోరువెచ్చగా ఉంటే సరే, కాలితే మరీ బిగించామన్నమాట. ఇరుసు తిరిగేటప్పుడు నిమిషానికి నాలుగైదు చుక్కలు కారాలి. కారలేదని సంతోషించకండి" అన్నాడు. పడవలోకి నీళ్ళు కారడం మంచిదేనని మా ఆవిడకు ఫోనులో వివరించడానికి చాలాసేపు పట్టింది.

కాకినాడలో ఉన్న మా నాన్న వీడియోలో ఇదంతా చూసి, కొబ్బరికాయ కొట్టకుండా దింపావా అని కోప్పడ్డారు. మర్నాడు రేవు చెక్కల మీద కొట్టాం. మేనేజరు వచ్చి, ఆసక్తిగా చూసి, పెంకులు ఏరమన్నాడు. న్యాయమే.

ఇక గొడవ సంగతి. ఎస్టిమేటులో ‘ఇంధన వ్యవస్థ తనిఖీ’ అని ఒక వరుస ఉంది. ట్యాంకులో సగం దాకా రెండేళ్ళ నాటి డీజిల్ ఉన్న విషయం వాళ్ళకూ తెలుసు, నాకూ తెలుసు. సగం ఖాళీ ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుగుకు చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి జిగట మడ్డి కడుతుంది. రేవులో కదలకుండా అరగంట ఇంజిను నడిపి చూస్తే ఏమీ తేలదు, మడ్డి అడుగునే పడుకుని ఉంటుంది. వాళ్ళు చేసింది సరిగ్గా అదే: ఫిల్టరు మార్చారు, అరగంట నడిపారు, టిక్కు పెట్టారు.

మే నెలలో ఒక తెల్లవారుజామున నేను, మా బావమరిది, రోజు కూలికి మాట్లాడుకున్న కెప్టెన్ బయలుదేరాం. పదకొండు గంటలకు స్మిత్ పాయింట్ లైట్‌హౌసు దాటాం. పొటోమాక్ నది బేలో కలిసే చోటది. దక్షిణపు గాలికి ఎదురుగా ఆటు నీరు దిగుతోంది. నిటారుగా, దగ్గర దగ్గరగా అలలు. పడవ అటూ ఇటూ పొర్లిందంటే ట్యాంకు కూడా పొర్లినట్టే. ఇంజిను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కెప్టెన్ ముఖంలో మార్పు లేదు. "తెరచాప ఉందిగా" అని ముందు తెర విప్పాడు. నేను కింద తలకిందులుగా వేలాడుతూ ఫిల్టరు విప్పాను. దాని గాజు గిన్నెలో అడుగంటిన పులుసు రంగు ముద్ద. ఆ వాసనకు మా బావమరిది పొద్దున తిన్న ఉప్మా బేకు సమర్పించుకున్నాడు. అరగంటలో ఇంజిను మళ్ళీ అందుకుంది. సూర్యుడు దిగేలోపు దారిలోని సోలమన్స్ రేవు చేరి, అక్కడ రెండో ఫిల్టరు మార్చి, మర్నాడు అనాపొలిస్‌లో తాడు కట్టాం.

యార్డు ప్యాకేజీలో ఇచ్చిన అదనపు ఫిల్టరు ఒక్కటే. వాళ్ళ విడిభాగాల కౌంటరులో ఉండే పెద్దావిడ "ఇంకో మూడు పట్టుకెళ్ళండి" అని అమ్మబట్టి సరిపోయింది. అప్పుడు ఆమెది వ్యాపారపు మాటలే అనుకున్నాను. క్షమించాలి.

ఫోను చేసి అడిగితే మేనేజరు బుకాయించలేదు. "ట్యాంకు శుభ్రం చేస్తామని ఎక్కడైనా రాశామా?" అన్నాడు. రాయలేదు. కానీ పెద్ద ప్రయాణానికి పోతున్న పాత పడవ అని తెలిసినప్పుడు, ట్యాంకు సంగతి ఏమిటని ఒక్క ప్రశ్న వాళ్ళే వేసి ఉండాల్సింది. చెప్పకుండానే ప్లగ్గు విప్పి చూసిన మనుషులు ట్యాంకు మూత జోలికి ఎందుకు పోలేదో నాకిప్పటికీ అర్థం కాలేదు. ఒకటిన్నర స్టారు తగ్గించింది అందుకే. లెక్కల్లో తేడా లేదు, చెప్పిన రోజుకే పని ముగించారు, పడవ అడుగుకు రంగు చక్కగా వేశారు. గడువు తీరిన ఫ్లేర్లను (ఆపదలో వెలిగించే సంకేత దివిటీలు) చూపించి కొత్తవి కొనిపించారు. వాటి ఆయువు తయారైన నాటి నుంచి 42 నెలలే.

అక్టోబరులో పడవను ఒడ్డుకెక్కించడానికి మళ్ళీ అక్కడికే తీసుకెళుతున్నాను. ఎస్టిమేటులో మొదటి వరుస ఈసారి నేనే రాసి పంపాను: ‘ట్యాంకు పైన చెయ్యి పట్టేంత రంధ్రం కోసి, లోపల తుడిచి, మూత బిగించాలి. తీసిన మడ్డిని యజమానికి చూపించాలి.’ మేనేజరు దాని పక్కన ఆరు గంటల పని అని వేసి తిరిగి పంపాడు.