గొర్రెల కుక్కతో రెండు గంటలు: బాపుని తీసుకెళ్ళిన ఫారం

ముందే చెప్పేస్తాను, లేక్ డిస్ట్రిక్ట్‌లోని ఈ గొర్రెల ఫారానికి వెళ్ళండి. డబ్బు వృథా కాదు. కానీ బుక్ చేసే ముందు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి: ఆ రోజు మొత్తం ఎంతమంది వస్తున్నారు, ఒక్కొక్కరికి కుక్కతో ఎన్ని నిమిషాలు దొరుకుతుంది. మేం అడగలేదు, దాని సంగతి కింద రాస్తాను.

మేం మాంచెస్టర్ దగ్గర ఉంటాం. మా బాపు ఆరు నెలల వీసా మీద వచ్చాడు. మాది సిద్దిపేట జిల్లా, కురుమలం, ఏటా కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయే ఇల్లు. బాపు నలభై ఏళ్ళు మంద వెంట నడిచాడు, మోకాళ్ళు అరిగాక గొర్రెలు అమ్మేశాడు. ఇక్కడికి వచ్చాక మ్యూజియం చూపించాను, ఫుట్‌బాల్ స్టేడియం చూపించాను, షాపింగ్ మాల్స్ తిప్పాను. అన్నింటికీ "మంచిగుంది" అనేవాడు, ఇంటికొచ్చి కిటికీ దగ్గర కూచునేవాడు. ఒకరోజు మోటర్‌వే మీద వెళ్తుంటే కొండవాలున గొర్రెలు కనిపించాయి. కారు ఆపమన్నాడు. మోటర్‌వే మీద ఆపకూడదని చెప్తే మెడ తిప్పి అవి కనిపించినంతసేపూ చూశాడు. ఆ రాత్రే కూర్చుని షీప్‌డాగ్ ఎక్స్‌పీరియన్స్, అంటే గొర్రెలు తోలే కుక్క పనిని దగ్గరుండి చూపించే చోట్లు, అని వెతికాను. చాలానే ఉన్నాయి.

మొదట వెళ్ళిన చోటు అస్సలు బాగాలేదు. అది నిజానికి షో. బల్లల మీద కూచోబెట్టి, ఒక కుక్క ఆరు గొర్రెలను రెండు చుట్లు తిప్పితే చప్పట్లు కొట్టించి, ఇరవై అయిదు నిమిషాల్లో గిఫ్ట్ షాపు వైపు పంపేశారు. గొర్రెల్లో ఒకటి కుంటుతోంది, దాన్ని కూడా పరుగెత్తించారు. బాపుకి అది నచ్చలేదు, "కుంటిదాన్ని పక్కకు కట్టెయ్యాలె గద" అని దారంతా అదే మాట.

రెండోది లేక్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఉత్తర ఇంగ్లండ్‌లోని కొండలూ సరస్సులూ ఉన్న ప్రాంతంలో, కెండల్ అనే ఊరు దాటాక ముప్పావుగంట లోపలికి. ఈ రివ్యూ దీని గురించే. ఒక కుటుంబం నడిపే ఫారం. భార్యాభర్తలు, పెద్ద కూతురు, అయిదు కుక్కలు, కొండ మీద కొన్ని వందల గొర్రెలు. మనిషికి 55 పౌండ్లు, రెండు గంటలు, చివర్లో టీ, కేకు. పదేళ్ళలోపు పిల్లలను పొలంలోకి రానివ్వరు, గేటు బయట నిలబడి చూడొచ్చు. ఆ నియమం సరైనదే, పిల్ల ఒక్కటి అరుస్తూ పరుగెత్తితే గొర్రెలు గోడ దూకుతాయి.

ఆ రైతు మొదట అరగంట మాకు కుక్కను ఇవ్వలేదు. మమ్మల్ని గొర్రెల దగ్గర నడవమన్నాడు, అంతే. ఒక్కో అడుగు వేసి ఆగండి, ఏ దూరంలో అవి తలెత్తుతాయో, ఏ దూరంలో కదులుతాయో చూడండి అన్నాడు. గొర్రె చుట్టూ కంటికి కనిపించని ఒక గీత ఉంటుంది, దాని అంచున ఉంటే అది మనల్ని చూస్తూ నిదానంగా జరుగుతుంది, లోపలికి దూరితే పారిపోతుంది. కుక్క చేసే పనంతా ఆ అంచు మీదే. ఇది నేను ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చెప్తుంటే బాపు మధ్యలోనే ఆపాడు. "గిది నాకు చెప్తవేందిరా" అన్నాడు.

తర్వాత కుక్కను తెచ్చారు. పేరు మెగ్, తొమ్మిదేళ్ళది, నలుపూ తెలుపూ బోర్డర్ కోలీ. ఆరు గొర్రెలు పొలానికి ఆ చివర ఉన్నాయి, మేం ఈ చివర. రైతు మెల్లగా "కమ్ బై" అన్నాడు, అది ఎడమ పక్క నుంచి వెడల్పుగా, గోడ వెంబడి, గొర్రెల వైపు చూడనట్టే పరుగెత్తింది. నేరుగా వెళ్తే అవి చెదురుతాయి కాబట్టి ముందుకు పోయేకొద్దీ ఇంకా దూరం జరిగి, బేరిపండు ఆకారంలో తిరిగి, సరిగ్గా వాటి వెనక, మాకు ఎదురుగా ఆగి పడుకుంది. ఆ ఆగడం ఉంది చూశారా, అదే అన్నిటికన్నా ముఖ్యమట. అక్కడ తొందరపడితే తర్వాత పనంతా చెడుతుంది. అది లేచి రెండడుగులు వేసింది, తల నేలకు దించి కళ్ళు మాత్రం వాటి మీద పెట్టి. గొర్రెలు ఒక్కసారి దాన్ని చూసి, మా వైపు తిరిగి నడక మొదలుపెట్టాయి. మొరుగు లేదు, కరవడం లేదు.

బాపు నా చెయ్యి పట్టుకున్నాడు. "గదేందిరా, నోరు తెరవదు, ముట్టది, గొర్లు ఎట్ల ఇంటున్నయ్?"

మా మంద దగ్గరా కుక్కలు ఉండేవి. అవి రాత్రి కాపలాకి, తోడేలుకో దొంగకో. పగలు మంద పక్కన నడిచేవి కానీ మందను తిప్పేది మనిషే. ఒకరు ముందు, ఒకరు వెనక, నోటి కూత, కర్ర, ఒక్కోసారి పక్కన పడేలా విసిరే మట్టిపెళ్ళ. ఇక్కడ వెనక నడిచే మనిషి పనిని కుక్క చేస్తోంది. తేడా అదే, కానీ ఆ ఒక్క తేడా వల్ల ఒక మనిషి మొత్తం కొండ మీది మందను దించగలడు.

గొర్రెలకు అవతలి పక్కకు పోయి, మనిషికి ఎదురుగా నిలబడి మందను మనిషి దగ్గరికి తేవడం ఈ జాతి కుక్క పుట్టుకలోనే ఉంది. మనం పక్కకు జరిగితే అది తనంతట తాను మళ్ళీ మనకు ఎదురుగా ఉండేలా సర్దుకుంటుంది. నేర్పేది మాటలు మాత్రమే. "కమ్ బై" అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, "అవే" అంటే దానికి ఎదురు. సి అంటే క్లాక్‌వైజ్, ఏ అంటే యాంటీక్లాక్‌వైజ్ అని గుర్తుపెట్టుకోమన్నారు. "లై డౌన్" అంటే పడుకో, "వాక్ అప్" అంటే గొర్రెల వైపు నడువు, పని అయిపోయాక "దటిల్ డూ", అంటే ఇక చాలు. దూరానికి మాటలు వినపడవు కాబట్టి నోట్లో పెట్టుకునే చిన్న రేకు ఈల, ఒక్కో ఆజ్ఞకు ఒక్కో కూత. గొర్రెలను మన నుంచి దూరంగా తోలడం మాత్రం దాని స్వభావానికి ఎదురు, అది నేర్పడానికే ఎక్కువ కాలం పడుతుందట.

ఈ మౌనంగా చూపుతో పట్టే తీరుకి ఒక వంశం ఉంది. 1893లో ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే ఆయన దగ్గర ఓల్డ్ హెంప్ అనే కుక్క పుట్టింది, ఇప్పటి బోర్డర్ కోలీలు దాదాపు అన్నీ దాని సంతతే అంటారు. బ్రిటన్‌లో ఈ కుక్కల పోటీలు అంతకన్నా ముందే, 1873లో, వేల్స్‌లోని బాలాలో మొదలయ్యాయి. పందెం వేల్స్‌లో అయినా గెలిచింది ఒక స్కాట్లండ్ మనిషి కుక్క, పేరు ట్వీడ్. 1906లో వాటికి ఒక అంతర్జాతీయ సంఘమే పెట్టుకున్నారు, వంశావళి పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంటుంది. 2021లో వేల్స్‌లో కిమ్ అనే కుక్క వేలంలో 27 వేల పౌండ్లకు పైగా పలికింది. బాపుకి రూపాయల్లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇద్దరు జీతగాళ్ళ పని జేస్తది గద, తప్పేంలేదు" అన్నాడు.

మా వంతు వచ్చింది. పని ఏంటంటే కుక్కతో గొర్రెలను తెప్పించి ఒక చిన్న దొడ్డిలోకి తోలించాలి. దొడ్డి గేటుకి తాడు ఉంటుంది, ఒక చేత్తో అది వదలకూడదు. నేను చేస్తే మూడుసార్లు గొర్రెలు గేటు పక్క నుంచి జారిపోయాయి. మెగ్ ప్రతిసారీ నేను చెప్పిన మాట కాకుండా నిజంగా చేయాల్సిన పని చేసి వాటిని వెనక్కి తెచ్చింది.

బాపు నిలబడ్డాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి మాట రైతు ఇచ్చాడు, చోటు బాపు ఎంచుకున్నాడు. తాడు పట్టుకుని, రైతు చూపించిన చోటుకి రెండడుగులు వెనక నిలబడ్డాడు. రైతు ముందుకి రమ్మని చేయి ఊపబోయి ఆగిపోయాడు. గొర్రెలు గేటు దాకా వచ్చాయి, అంచున ఒకటి ఎడమకి ముఖం తిప్పింది. బాపు ఒక్క అడుగు ఎడమకి వేశాడు, కర్ర ఎత్తలేదు, దాని కళ్ళలోకి చూడలేదు. అది తిరిగి లోపలికి నడిచింది, మిగతా అయిదూ దాని వెనకే. గేటు మూసేశాడు. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో.

రైతు నా దగ్గరికి వచ్చి మీ నాన్న ఏం పని చేస్తారు అని అడిగాడు. చెప్పాను. అప్పటి నుంచి ఆ ఇద్దరి మధ్య నేను మాట చేరవేసే మనిషిని, అంతే. తిరిగొస్తుంటే కారులో అడిగాను, ఎట్లా తెలిసింది అని. "గొర్రె మొఖం ఎటు తిరిగితే అటే పోతది. కాళ్ళు జూడద్దు, చెవులు జూడాలె." నేను ఆ మంద వెనకే పెరిగాను, నాకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. చదువుకోవాలి కాబట్టి చెప్పలేదట. మనం మాటకొస్తే గొర్రెదాటు అంటాం, ఏం తెలియకుండా ఒకదాని వెనక ఒకటి పోతాయని. ముందున్నది ఎటు పోవాలో ఎంత ఆలోచిస్తుందో ఆ గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

అక్కడి గొర్రెలు హెర్డ్‌విక్ జాతి. పిల్లలు నల్లగా పుట్టి, పెరిగేకొద్దీ గోధుమరంగుకి, తర్వాత బూడిదరంగుకి మారతాయి. బాపు ఒకదాని బొచ్చులో వేళ్ళు పెట్టి చూసి "ఇది గొంగడి బొచ్చే" అన్నాడు. నిజమే, మా పాత నల్లగొర్రెల్లాగే ముతక ఉన్ని, వాన జారిపోయే రకం. రైతు చెప్పిన మాట బాధ కలిగించింది: ఉన్ని అమ్మితే వచ్చే డబ్బు కత్తిరించే కూలికి కూడా చాలదట. మా దగ్గరా అదే అయింది, గొంగళ్ళు కొనేవాళ్ళు తగ్గాక మాంసం కోసం నెల్లూరు గొర్రెలు తెచ్చుకున్నారు, నల్లవి తగ్గిపోయాయి.

ఇంకో సంగతి. కొండ మీద కంచెలు లేవు. ఏ మంద ఏ వాలున మేయాలో తల్లి దగ్గర పిల్ల నేర్చుకుంటుంది, తరతరాలుగా. 2001లో గాలికుంటు వ్యాధి వచ్చి ఈ కుంబ్రియా ప్రాంతంలో మందలకు మందలను చంపేసినప్పుడు ఆ నేర్చుకున్నది కూడా వాటితో పోయిందని, కొత్త గొర్రెలను ఆ వాలున నిలబెట్టడానికి ఏళ్ళు పట్టిందని రైతు భార్య చెప్పింది. ఆమె చెప్తున్నప్పుడు రైతు లేచి బయటికి వెళ్ళాడు. లేక్ డిస్ట్రిక్ట్‌కి 2017లో యునెస్కో గుర్తింపు వచ్చింది సరస్సుల వల్ల మాత్రమే కాదు, ఈ గొర్రెల బతుకు వల్ల కూడా.

ఇక నచ్చనివి. వెబ్‌సైట్‌లో గ్రూపుకి ఆరుగురే అని ఉంది, మేం వెళ్ళింది బ్యాంక్ హాలిడే (ఇక్కడి ప్రభుత్వ సెలవు) రోజు, పదకొండు మంది ఉన్నాం. ఒక్కొక్కరికి కుక్కతో దొరికింది పది నిమిషాల లోపే. 55 పౌండ్లకు అది తక్కువ, మొహమాటం లేకుండా వాళ్ళకే చెప్పాను, ఆమె క్షమించమంది, డబ్బు మాత్రం తగ్గించలేదు. బూట్లు వాళ్ళే ఇస్తామన్నారు కానీ బాపు సైజు లేదు, చెప్పులతో ఆ బురదలో నడిచాడు. టాయిలెట్ కొట్టం వెనక, ఎత్తు మెట్లు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కష్టం. చివరి మైలు దారి ఒక్క కారు పట్టేంత, రెండు పక్కలా రాతిగోడలు, ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక్కి పోవాల్సిందే.

వెళ్ళేవాళ్ళకి: మీ పెంపుడు కుక్కను తీసుకెళ్ళకండి. గర్భిణులు ఈనే కాలంలో గొర్రెల దగ్గరికి పోకూడదు, ఆ సమయంలో సోకే జబ్బులు కడుపులో బిడ్డకు ప్రమాదం. వాన చొక్కా తప్పనిసరి, ఎండ ఉన్నా సరే.

అలాగే ఇది చూసి ముచ్చటపడి ఎవరూ బోర్డర్ కోలీ కొనకండి, దయచేసి. హైదరాబాద్‌లో కూడా ఇప్పుడు ఈ జాతి కుక్కపిల్లలను అమ్ముతున్నారు. రోజంతా కొండెక్కి దిగే పని కోసం పుట్టిన ప్రాణి అది. ఫ్లాట్‌లో, ఆ ఎండలో, పని లేకుండా పెడితే వాహనాలనూ పిల్లలనూ చుట్టుముట్టి తోలడం మొదలుపెడుతుంది, అది దాని తప్పు కాదు. మెగ్ పని అయిపోయాక "దటిల్ డూ" వినగానే వచ్చి బాపు కాలి దగ్గర పడుకుంది. బాపు దాని తల మీద చెయ్యి పెట్టి అలాగే టీ తాగాడు.

వచ్చే ముందు రైతు అడిగాడు, మీరు మందను ఎలా పిలుస్తారు అని. బాపు నాలుక ఆడించి ఆ పాత కూత వేశాడు. పొలంలో గొర్రెలన్నీ తలెత్తాయి. మెగ్ లేచి నిలబడి, ఏం చేయమంటావన్నట్టు రైతు ముఖం చూసింది. ఇంకోసారి వేయమని అడిగి ఆయన ఫోన్లో రికార్డు చేసుకున్నాడు.

వన్ టు వన్ సెషన్ కూడా ఉంది, 150 పౌండ్లు, మామూలు రోజుల్లో మాత్రమే. బాపు వీసా అయిపోయేలోపు ఒక మంగళవారానికి బుక్ చేశాను. మొన్న కెండల్‌లోనే ఆగి బాపు బూట్లు కొనుక్కున్నాడు, 7 నంబరు.