వీపీఎస్సా, డెడికేటెడ్ సర్వరా? చిన్న హోస్టింగ్ వ్యాపారానికి ఏది మేలు

బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ వెబ్‌సైట్లు చేసిపెట్టే కుర్రాళ్ళకి ఇప్పుడు కొదవ లేదు. పట్టుచీరల దుకాణం, కోచింగ్ సెంటరు, డయాగ్నస్టిక్ ల్యాబు, గోపాలపూర్ హోటలు, అటు ఇచ్ఛాపురం, కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారులు. ఒక్కొక్కళ్ళకీ సైటు చేసి, రీసెల్లర్ ఖాతాలో (పెద్ద కంపెనీ దగ్గర చోటు కొని మళ్ళీ అమ్ముకునే ఖాతా) పెట్టి, ఏడాదికింత అని తీసుకుంటారు. ఖాతాలు యాభై అరవై దాటేసరికి రీసెల్లర్ ప్లాను ఇరుకైపోతుంది. అప్పుడు నాకు ఫోను వస్తుంది. "అన్నయ్యా, వీపీఎస్ తీసుకోమంటావా, ఏకంగా డెడికేటెడ్‌కే పోమంటావా?" వీపీఎస్ అంటే ఒక పెద్ద మెషిన్‌ని సాఫ్ట్‌వేర్‌తో విడగొట్టి ఇచ్చే వాటా, డెడికేటెడ్ అంటే మెషిన్ మొత్తం మనకే. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఇక్కడ రాసేస్తే సరిపోతుంది.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ఒకరిద్దరు కలిసి నడిపే వ్యాపారమై, ఖాతాలు రెండొందల లోపు ఉంటే, ఒక పెద్ద డెడికేటెడ్ కన్నా రెండు మూడు మధ్యరకం కేవీఎం (ఒక్కో వాటా విడి మెషిన్‌లా నడిచే రకం) వీపీఎస్‌లు మేలు. డెడికేటెడ్‌ని తక్కువ చేయడం లేదు. పెట్టిన రూపాయికి ఎంత సరుకు వచ్చిందని చూస్తే అదే గెలుస్తుంది. నేను చూసేది వేరే లెక్క: సర్వరు పడిపోతే మళ్ళీ ఎన్ని గంటల్లో లేపగలం అన్నది.

అద్దె వాటా, సొంతిల్లు అని ఈ రెంటినీ పోల్చడం ఆనవాయితీ. ఆ పోలికతోనే చాలామంది పొరబడతారు. డెడికేటెడ్ కూడా అద్దెదే, నెల కట్టకపోతే దానికీ తాళం పడుతుంది. కాకపోతే వాటాలో ఉంటే మోటారు పాడైందని ఓనరే చూసుకుంటాడు. ఇల్లంతా అద్దెకి తీసుకుంటే కొత్త మోటారు ఓనరిచ్చినా, పాడైందని కనిపెట్టడం, అది బిగిసేదాకా నీళ్ళకి తంటాలు పడడం మన వంతు.

ముందు వేగం సంగతి. అడిగేవాళ్ళందరూ దీంతోనే మొదలుపెడతారు. వీపీఎస్‌లో "4 వీసీపీయూ" అంటే నాలుగు పూర్తి కోర్లు అనుకోకూడదు. మామూలుగా ఒక వీసీపీయూ అంటే ఒక థ్రెడ్ (చాలా ప్రాసెసర్లలో కోరుకి రెండు ఉంటాయి), దాన్నైనా కంపెనీ ఇంకొందరికి కలిపి అమ్మి ఉండొచ్చు. అలా అతిగా అమ్ముకున్నారో లేదో తెలుసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. టెర్మినల్లో టాప్ కమాండు కొడితే సీపీయూ వరసలో చిట్టచివర ఎస్‌టీ అని ఒక అంకె కనిపిస్తుంది. మన మెషిన్‌కి పని ఉండి కూడా, కింద ఉన్న అసలు మెషిన్ మన వంతు ఇవ్వకుండా ఆపిన సమయం అది, శాతంలో. సున్నా, ఒకటి, అప్పుడప్పుడు రెండు ఉంటే పట్టించుకోవద్దు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా పది దాటి అక్కడే కూర్చుంటే, ఆ కంపెనీకి దండం పెట్టి బయటికొచ్చేయండి. అందుకే ఏడాది ప్లాను చవగ్గా ఉందని మొదటి రోజే ఏడాదికి కట్టకండి. నెలకి తీసుకుని, ఒక వారం సాయంత్రాలు ఎస్‌టీ చూసి, ఆ తరవాతే కట్టండి. ఓపెన్‌వీజడ్ రకం కంటెయినర్ వీపీఎస్ ఎంత చవగ్గా వచ్చినా మన పనికి వద్దు. అందులో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మనది కాదు, కొన్ని ఫైర్‌వాల్, కోటా పనులు ఇరుక్కుంటాయి.

డెడికేటెడ్‌లో ఎస్‌టీ గొడవే లేదు. కోర్లన్నీ మనవే, వేగమైన ఎన్‌వీఎంఈ డిస్కు అంతా మనదే, సర్వర్ తరగతి మెషిన్ అయితే చిన్న తప్పుల్ని తానే సరిచేసుకునే ఈసీసీ ర్యామ్ కూడా వస్తుంది. ఫలితాల రోజున కోచింగ్ సెంటరు సైటుకి పిల్లలంతా ఒకేసారి ఎగబడ్డా పక్కవాడి బరువు మన మీద పడదు. డేటాబేస్ పెద్దదై, రాసే పని ఎక్కువున్న ఖాతాలకి ఈ తేడా కంటికి తెలుస్తుంది. చీరల దుకాణం వర్డ్‌ప్రెస్ సైటుకి మాత్రం తెలియదు. కాష్ (తయారైన పేజీల నకళ్ళు దాచి చూపడం) సరిగ్గా పెడితే అది రెండింట్లోనూ ఒకేలా తెరుచుకుంటుంది.

ఇక నేను అసలైనదనుకునే సంగతి. డెడికేటెడ్ సర్వర్లో మామూలుగా రెండు డిస్కులు రెయిడ్ వన్‌లో (ఒకే డేటాని రెండింట్లోనూ రాసే పద్ధతి) ఉంటాయి, ఒకటి పోయినా రెండోది నడిపిస్తుంది. రెయిడ్ పరిస్థితి చూపే ఎండీస్టాట్ ఫైలు తెరిస్తే బ్రాకెట్లో రెండు యూ అక్షరాలు పక్కపక్కన కనిపిస్తాయి. ఒక డిస్కు పోయినప్పుడు ఒక యూ, దాని పక్కన ఒక గీత మిగులుతాయి. సైట్లు మాత్రం అన్నీ మామూలుగానే తెరుచుకుంటూ ఉంటాయి. ఈమెయిల్ హెచ్చరిక పెట్టుకోకపోతే ఆ గీత నెలల తరబడి అలాగే ఉండిపోతుంది, రెండో డిస్కు కూడా పోయిన రోజున గానీ తెలియదు. రెండూ ఒకే బ్యాచివి, ఒకే వయసువి అయితే ఆ రోజు ఎంతో దూరంలో ఉండకపోవచ్చు.

డిస్కు మార్చడానికి టికెట్ వేస్తే డేటా సెంటర్ మనిషి వచ్చి మారుస్తాడు. చాలా చోట్ల అందుకు సర్వర్ ఆపాలి. పార్టిషన్లు చేయడం, కొత్త డిస్కుని రెయిడ్‌లోకి చేర్చడం, బూట్‌లోడర్ వేయడం మన పని. అయినా ఇదంతా తేలిక రకమే. మదర్‌బోర్డు పోవడం, ఫైల్ సిస్టమ్ చెడిపోవడం, ఎవడో లోపలికి దూరి అన్నీ తుడిచేయడం లాంటివి జరిగితే రెయిడ్ ఎందుకూ పనికిరాదు. తుడిచిందాన్ని రెండు డిస్కుల్లోనూ నమ్మకంగా తుడిచేస్తుంది. అప్పుడు దిక్కు బయటి బ్యాకప్ ఒక్కటే.

ఇక్కడ కాగితం మీద ఒక లెక్క వేయండి. ఒక టెరాబైట్ డేటా బ్యాకప్ నుంచి తిరిగి రావాలి, లైను ఒక గిగాబిట్. సెకనుకి 125 మెగాబైట్లు, అదీ పుస్తకంలో చెప్పే వేగం. ఆ వేగంతోనే 8,000 సెకన్లు, అంటే రెండుంపావు గంటలు. అసలు డేటాలో లక్షల కొద్దీ చిన్న ఫైళ్ళు, మెయిళ్ళు ఉంటాయి కాబట్టి దానికి మూడు నాలుగింతలు పట్టినా ఆశ్చర్యం లేదు. బ్యాకప్ ఉన్న చోట లైను వంద మెగాబిట్లే అయితే 22 గంటల పైచిలుకు. ఈలోపు కస్టమర్లందరూ ఫోన్ మీద ఫోను, అదీ ఒకేసారి. అదే డేటా మూడు వీపీఎస్‌లలో సర్ది ఉంటే పడిపోయేది మూడో వంతు, తేవాల్సింది మూడో వంతు. పైగా ఉదయం తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణంలో సర్వర్ మొత్తానికి నకలు) ఉంటే ప్యానెల్లో ఒక బటన్‌తో నిమిషాల్లో లేస్తుంది. అసలు మెషిన్ హార్డ్‌వేర్ చెడితే, డిస్కులు నెట్‌వర్క్ స్టోరేజీలో ఉన్న చోట, కంపెనీవాళ్ళే మన వీపీఎస్‌ని ఇంకో మెషిన్ మీద లేపుతారు.

99.9 శాతం అప్‌టైమ్ గ్యారంటీ కాగితాన్ని చూసి మురిసిపోకండి. ఆ మిగిలిన 0.1 శాతమే నెలకి 43 నిమిషాలు. అది దాటితే వాళ్ళిచ్చేది బిల్లులో కొంత తగ్గింపు, అంతే. పోయిన కస్టమర్‌ని ఎవరూ తెచ్చివ్వరు.

మన గంజాం, గజపతి జిల్లాలవాళ్ళకి ఇందులో ఇంకో మెలిక ఉంది, అక్టోబరు నెల. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటి పర్లాకిమిడి వైపు ముంచేసింది. రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు. సర్వర్ ముంబయిలో భద్రంగానే ఉంటుంది, చీకట్లో ఉండేది మనం. ఆ రోజుల్లోనే డిస్కు పోతే ఎవరు చూస్తారు? వీపీఎస్ అయితే విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న బావమరిదికి ముందే ప్యానెల్ లాగిన్ ఇచ్చి, "సైట్లు పడిపోతే స్నాప్‌షాట్ వెనక్కి తిప్పు బావా" అని చెప్పి ఉంచితే చాలు, ఫోన్లోనే చేసేస్తాడు. డెడికేటెడ్ అయితే రెస్క్యూ మోడ్ (వేరే చిన్న సిస్టమ్‌తో మెషిన్‌ని లేపడం), ఐపీఎంఐ కన్సోల్ (దూరం నుంచి మెషిన్ తెర చూడడం), రెయిడ్ అసెంబుల్ తెలిసిన మనిషి కావాలి. అలాంటి మనిషి మీ చుట్టాల్లో ఉంటే నా సలహా కొంచెం మార్చుకోవచ్చు.

వీపీఎస్‌కి రెండు మచ్చలున్నాయి, దాచడం ఎందుకు. మూడు వీపీఎస్‌లూ ఒకే కంపెనీలో, ఒకే డేటా సెంటర్లో తీసుకుంటే మూడూ ఒకే అసలు మెషిన్ మీద కూర్చోవచ్చు, అప్పుడు విడగొట్టి లాభం లేదు. స్నాప్‌షాట్లు కూడా అదే బిల్డింగులో ఉంటే వాటిని బ్యాకప్ అనుకోకూడదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు అక్కడున్న వీపీఎస్‌లూ డెడికేటెడ్‌లూ ఒకేలా బూడిదయ్యాయి. వేరే ఊళ్ళో, వేరే కంపెనీ దగ్గర కాపీ పెట్టుకున్నవాళ్ళు తేరుకున్నారు. ఈ విషయంలో రెండింటికీ తేడా లేదు.

రెండో మచ్చ లైసెన్సు. హోస్టింగ్ ఖాతాలు నడిపే ప్యానెల్ సాఫ్ట్‌వేర్ అమ్మే సీప్యానెల్‌వాళ్ళు 2019లో సర్వర్ లెక్క తీసేసి ఖాతాల లెక్క తెచ్చారు. 30 ఖాతాల ప్రో, 100 ఖాతాల ప్రీమియర్ అని మెట్లు. వంద ఖాతాల్ని ఒకే సర్వర్లో పెడితే ఒక ప్రీమియర్‌తో పోతుంది. నాలుగుగా విడగొడితే నాలుగు ప్రోలు, ఖర్చు బాగా ఎక్కువ. ఖాతాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా విడదీసే క్లౌడ్‌లినక్స్ లైసెన్సు కూడా సర్వర్‌కి ఒకటి. డెడికేటెడ్ వైపు వాదించేవాళ్ళ చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదే, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నా సర్దుబాటు ఏమిటంటే, డబ్బు తెచ్చే ఖాతాలకి సీప్యానెల్ వీపీఎస్ ఒకటి, నేనే చూసుకునే చిన్న సైట్లకి హెస్టియా లాంటి ఉచిత ప్యానెల్ ఉన్న వీపీఎస్ ఇంకొకటి. కస్టమరు ప్యానెల్ తెరవని చోట ఏ ప్యానెల్ ఉంటే ఏం?

మెయిల్ విషయంలో డెడికేటెడ్‌కి కాస్త ముందంజ. చవక వీపీఎస్‌ల ఐపీలు ఇంతకు ముందు ఏ స్పామరు వాడి వదిలేశాడో తెలియదు, చాలా క్లౌడ్ కంపెనీలు మెయిల్ బయటికి పంపే 25 పోర్టు మూసేసే ఉంచుతాయి. ఐపీ ఇవ్వగానే, స్పామ్ పంపే ఐపీల జాబితా పెట్టే స్పామ్‌హాస్‌లో వెతికి చూసి, జాబితాలో ఉంటే ఆ రోజే మార్పించుకోండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపాలంటే, మెయిల్ మన డొమైన్ నుంచే వచ్చిందని రుజువు చేసే ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ తప్పనిసరి. రెండూ పెట్టేస్తే తలనొప్పి తగ్గుతుంది.

సర్వర్ ఎక్కడుండాలి అంటే దేశంలోనే. యూరప్ డెడికేటెడ్‌ల ధర చూసి నోరూరుతుంది గానీ, అక్కడికి వెళ్ళి రావడానికే 130, 150 మిల్లీసెకన్లు పోతాయి. దానికి తోడు, 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఈ-మ్యాండేట్ (కార్డు నుంచి నెలనెలా దానంతటదే కట్ అయ్యే అనుమతి) నిబంధన వచ్చాక మన కార్డుల నుంచి విదేశీ కంపెనీల ఆటోపే చాలా సార్లు వెనక్కి కొడుతుంది. గడువు తేదీ మర్చిపోతే సర్వర్ ఆగుతుంది. జీఎస్టీ ఉన్నవాళ్ళయితే రివర్స్ చార్జ్ కింద 18 శాతం తామే కట్టి, తరవాత క్రెడిట్ తీసుకోవాలి.

మిగతా దారులకి ఎక్కువ చోటివ్వను. ఆఫీసులో సొంత మెషిన్ పెట్టి బ్రాడ్‌బ్యాండ్ మీద నడపడం: పైన చెప్పిన అక్టోబరు నెల గుర్తు చేసుకోండి. కోలొకేషన్ (సొంత మెషిన్‌ని డేటా సెంటర్లో పెట్టడం): మెషిన్ కొనే పెట్టుబడి, చెడితే ముంబయి రైలు టికెట్. గంటల లెక్క క్లౌడ్: మంచిదే, కానీ బయటికి వెళ్ళే డేటాకి వచ్చే బిల్లు ముందే తెలియదు, ఏడాదికింత అని ముందే తీసుకునే మన వ్యాపారానికి ఆ లెక్క కుదరదు.

డెడికేటెడ్‌కి ఎప్పుడు పోవాలి? వీపీఎస్‌ల బిల్లూ లైసెన్సుల బిల్లూ కలిపితే మంచి డెడికేటెడ్ అద్దెని దాటినప్పుడు, రాత్రి ఫోనెత్తే రెండో మనిషి జీతానికి దొరికినప్పుడు. రెండూ కలిసి రావాలి, ఒక్క బిల్లు లెక్కతో దూకొద్దు. అప్పుడు కూడా డెడికేటెడ్ మీద నేరుగా ప్యానెల్ వేయకుండా ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, మెషిన్‌ని మీరే మూడు నాలుగు వర్చువల్ మెషిన్లుగా విడగొట్టండి. స్నాప్‌షాట్ సౌకర్యం తిరిగి వస్తుంది, రేపు ఇంకో సర్వర్‌కి మారడమూ సుళువు. అదనపు ఐపీలకి విడిగా కట్టాలి, అది ముందే అడిగి రాయించుకోండి.

అలా విడగొట్టిన ముక్కల్ని బయటివాళ్ళకి వీపీఎస్‌లుగా అమ్మే ఆలోచన వస్తే ఒక్క నిమిషం ఆగండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం వీపీఎస్ అమ్మేవాళ్ళని పేరెట్టి చెప్పింది: కస్టమరు పేరు, చిరునామా, ఇచ్చిన ఐపీలు సరిచూసి, అతను వదిలి వెళ్ళాక కూడా అయిదేళ్ళు దాచాలి. సైబర్ ఘటన జరిగితే ఆరు గంటల్లో తెలియజేయడం, 180 రోజుల లాగులు (సర్వర్లో జరిగినవాటి నమోదులు) ఉంచడం మాత్రం సైట్లు హోస్ట్ చేసేవాళ్ళకీ ఉన్నాయి. లాగ్ రొటేషన్ (పాత లాగులు చెరిపేసే ఏర్పాటు) ఎన్ని వారాలకి పెట్టి ఉందో ఈ రాత్రే ఒకసారి చూసుకోండి, చాలా సర్వర్లలో అది నాలుగు వారాలే ఉంటుంది.