దుబాసీ కోసం దాచుకున్న పుస్తకం

మార్కో పోలో పుట్టిన 1254లోనే ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి మంగోల్ చక్రవర్తి మోంకే ఖాన్ కొలువులో ఉన్నాడు. పేరు విలియం రూబ్రుక్, ఫ్లాండర్స్ వాడు. తిరిగొచ్చాక ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీకి రాసిన పొడవాటి ఉత్తరమే ఈ పుస్తకం. రాక్‌హిల్ 1900లో తెచ్చిన ఇంగ్లిష్ అనువాదాన్ని కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఎంబీబీఎస్ చదివేటప్పుడు ప్రింట్ తీయించుకున్నాను. ఆరేళ్లయింది, స్పైరల్ రెండుసార్లు మార్చాను.

నా ఇష్టమంతా రూబ్రుక్ వెంట ఉన్న దుబాసీ, అంటే ఆయన మాటల్ని అవతలివాళ్ల భాషలో చెప్పే మనిషి మీదే. రూబ్రుక్ మతబోధ మొదలుపెట్టబోతే, అలాంటి మాటలు తన వల్ల కాదనేవాడు. కొన్నాళ్లకు రూబ్రుక్‌కు భాష కాస్త పట్టుబడింది. తీరా చూస్తే తను ఒకటి చెప్తుంటే వాడు నోటికొచ్చింది ఇంకేదో చెప్తున్నాడు! ఇక మాట్లాడకపోవడమే మేలనుకున్నాడు పాపం. అసలు మజా మోంకే ముందు. దుబాసీ నిలబడ్డది మద్యం పోసేవాళ్ల పక్కన. వాళ్లు పోస్తూ పోయారు, వీడు తాగుతూ పోయాడు. ఖాన్ కూడా కాస్త మత్తులోనే ఉన్నట్టు రూబ్రుక్‌కు అనిపించింది. దుబాసీ నోట ఒక్క వాక్యం కూడా పూర్తిగా అర్థం కాలేదు. నెలల తరబడి చలిలో, సగం ఆకలితో వచ్చింది దీనికా!

ఇది చదివి హాస్టల్లో పడీపడీ నవ్వాను. ఫస్టియర్‌లో మాకూ ఒక దుబాసీ ఉండేవాడు, తెలుగు సీనియర్ అన్న. వార్డెన్ ఆంటీ ఐదు నిమిషాలు రష్యన్‌లో అరిస్తే, “ఏం లేదురా, బాగా చదువుకోమంటోంది” అనేవాడు. ఒకరోజు మా ఇండక్షన్ స్టవ్ పట్టుకుపోయింది. రష్యన్ వచ్చాక గానీ తెలియలేదు, నెల రోజులుగా ఆవిడ చెప్తున్నది దాని గురించేనని. (అన్న మాత్రం చుక్క ముట్టడు.)

మొదట్లో అందరికీ వెండి చెట్టు గురించే చెప్పేవాణ్ణి. మంగోల్ రాజధాని కారకోరంలో ఖాన్ కోసం గియోమ్ బూషే అనే పారిస్ కంసాలి చేశాడు దాన్ని. నాలుగు గొట్టాల్లో నాలుగు రకాల మద్యం, పైన బాకా పట్టుకున్న దేవదూత. ఇప్పుడు నాకు గుర్తుండేది వేరే ముక్క: తిత్తుల గాలి చాలక, కింద గుంటలో ఒక మనిషిని దాచి బాకా ఊదించారట.

ఒకప్పుడు ఎవరడిగినా చదవండి అనేసేవాణ్ణి. ఇప్పుడు కాస్త ఆగుతున్నాను. మతవాదాల పేజీలు బరువుగా సాగుతాయి, పరాయి మతాల మీద రూబ్రుక్‌కు ఓపిక తక్కువ. కొన్నిచోట్ల రాక్‌హిల్ ఫుట్‌నోట్లు ఉత్తరాన్నే మింగేస్తాయి. రూబ్రుక్ దాటిన ఇలీ నదిని నేనూ దాటాను, ఆ చలి తెలుసు, భాష రాని ఊళ్లో బతికాను. నాకు నచ్చడానికి సగం కారణం అదేనేమో. కాజీపేటలో ఉన్న మా తమ్ముడు ఇరవయ్యో పేజీ దగ్గరే ఆపేశాడు. కాపీ వాడి దగ్గరే ఉంది, ఈసారి వెళ్లినప్పుడు తెచ్చుకోవాలి.